బాబిన్ల సొరుగు

ఏడు. మళ్ళీ లెక్కపెట్టింది. ఏడే.

రాత్రి పడుకునే ముందు తొమ్మిదున్నాయని ఆవిడకి బాగా గుర్తు. పొద్దున ఒకటి వేసుకుంది. మరి ఇంకోటి ఏమైనట్టు? కుట్టుమిషను సొరుగులో, బాబిన్ల కింద, బొత్తాల డబ్బాలో దాచిన మోకాలినొప్పి మాత్రలవి. ఆ చోటు ఇంట్లో ఇంకెవరికీ తెలియదనే అనుకుంది.

"ఏం వెతుకుతున్నావమ్మా?"

గుమ్మంలో కొడుకు. ఆవిడ చటుక్కున సొరుగు మూసి, బొత్తాం అంది. వాడు కదల్లేదు.

"రోజుకెన్ని మాత్రలు వేసుకుంటున్నావు?"

ఆవిడ సొరుగుకి అడ్డంగా జరిగింది. "చీటీలో రాసినన్ని. నీకెందుకు ఆ లెక్కలు?"

వాడు సొరుగు వైపోసారి చూసి వెళ్ళిపోయాడు. ఆ చూపు ఆవిడకి తెలుసు. గోడలకి రంగులేస్తూ నిచ్చెన మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నప్పుడు వాడికిచ్చినవీ ఇవే మాత్రలు. నడుం బాగైంది గానీ మాత్రలు వాణ్ణి వదల్లేదు. ఓ మధ్యాహ్నం బాత్రూంలో పెదాలు నీలమెక్కి పడున్నాడు. తలుపు బద్దలుకొట్టింది ఆవిడే. ఆ తర్వాత రెండేళ్ళుగా, మాత్రల అలవాటు మాన్పించే చికిత్సాకేంద్రంలో ఇచ్చే మందు మానకుండా వాడుతూ మళ్ళీ మనిషయ్యాడు. పనికి వెళ్తున్నాడు, చెల్లెల్ని ఏడిపిస్తున్నాడు, ఇంట్లో నవ్వులు వినబడుతున్నాయి.

సరిగ్గా అప్పుడే ఆవిడ మోకాలికి ఆపరేషనైంది. పోయిందనుకున్న దయ్యం మందుల సంచీలో ఇంటికొచ్చింది. అదొచ్చి ఎనిమిది నెలలు. ఆ మాత్రల్ని ఒకరోజు పిండిడబ్బాలో, ఒకరోజు పాత బూట్లలో దాచేది. ఒక్కోసారి తను దాచింది తనకే దొరక్క, ఒళ్ళంతా చెమటలు పట్టి ఇల్లు తలకిందులు చేసేది. పోతే మళ్ళీ తెచ్చుకోవడం తేలికా? వీధి చివరి షాపువాడు చీటీ పాతదైందని ఇవ్వడం మానేస్తే, రెండు వీధులవతలకి కుంటుకుంటూ పోయి తెచ్చుకుంటోంది.

కొడుకు మీది బెంగతో పని కూడా పాడైంది. మిషను ముందు కూర్చుంటే చాలు, కళ్ళు మూతలు పడుతున్నాయి. ముప్ఫయ్యేళ్ళుగా వంకరపోని కుట్టు ఇప్పుడు వంకరపోతోంది. దిగులు మనిషినలా తినేస్తుంది మరి.

మర్నాడు తెల్లవారుతుండగా కళ్ళు తెరిస్తే, మంచం పక్కన వంగి నిలబడి ఉన్నాడు కొడుకు. ఊపిరి బిగబట్టి ఉన్నాడు. ఆవిడ నిద్ర నటించింది. చాలాసేపు అలాగే ఉండి, మెల్లగా బయటికి నడిచాడు. తన దిండు కింద వెతకడానికి వచ్చాడని అర్థమై, దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

అసలు భయం ఆ సాయంత్రం వంటింట్లో పట్టుకుంది. తలుపవతల అన్నాచెల్లెళ్ళు గుసగుసలాడుకుంటున్నారు. కొడుకు చేతిలో, మాత్రలు మోతాదు మించి స్పృహ తప్పితే ముక్కులో కొట్టే స్ప్రే ఉంది.

"ఎంత పిలిచినా పలక్కపోతే, ఊపిరి సరిగ్గా ఆడకపోతే, ముందు అంబులెన్సుకి ఫోన్ చెయ్యి. వెల్లకిలా పడుకోబెట్టి, ఇది ఒక ముక్కులో పెట్టి గట్టిగా నొక్కు. పెదాలు నీలమయ్యేదాకా ఆగొద్దు."

"అన్నయ్యా, నాకు భయమేస్తోంది," అంది కూతురు.

"నాకూ భయంగానే ఉంది. అంతదాకా రానివ్వం లే."

తన మీద తనకే నమ్మకం పోయి, ముందుగానే చెల్లెల్ని సిద్ధం చేస్తున్నాడు పిచ్చివాడు. ఆవిడ గోడ పట్టుకుని మిషను దగ్గరికి వెళ్ళి సొరుగు లాగింది. బొత్తాల డబ్బాలో బొత్తాలే ఉన్నాయి.

"నేనే తీశానమ్మా," వెనక నుంచి అన్నాడు కొడుకు. "కేంద్రంలో డాక్టరమ్మతో మాట్లాడాను. రేపు పొద్దున్నే రమ్మంది. నీకో మాట చెప్పాలి, కోపం తెచ్చుకోకూడదు..."

ఆవిడ వాడి నోరు అరచేత్తో మూసేసింది.

"ఏం చెప్పకు. నాకన్నీ తెలుసు. ఇది తప్పు కాదు, జబ్బు. ఆ మాట నాకు నేర్పింది నువ్వే కదరా. బీపీకి మందేసుకోడానికి ఎవరైనా సిగ్గుపడతారా? పద, నేనూ వస్తాను."

వాడు ఆవిడ చేతిని కళ్ళకి ఆనించుకున్నాడు. "నిజంగా వస్తావా? ఒప్పుకోవేమోనని వారం నుంచి చస్తున్నాను."

పొద్దున చికిత్సాకేంద్రంలో ప్లాస్టిక్ కుర్చీల వరసలో కూర్చునేసరికి ఆవిడ సగమైపోయింది. రాత్రంతా కంటి మీద కునుకు లేదు. ముక్కు కారుతోంది, ఆవులింత మీద ఆవులింత, ఒళ్ళు గగుర్పొడుస్తోంది. కాళ్ళు ఒక్కచోట నిలవనంటున్నాయి. కన్నకడుపు కదా, అందుకే ఇంత తిప్పుతోందనుకుంది. పక్కన కొడుకు మాత్రం నిబ్బరంగా ఉన్నాడు. తన కోసం ధైర్యం నటిస్తున్నాడని ఆవిడకి జాలేసింది.

ఎదుటి కుర్చీలో ఒకాయన బిగించిన పెదాలతో గోడ గడియారం చూస్తున్నాడు. ఇక్కడిచ్చే మాత్ర నాలుక కింద కరగాలట, పది నిమిషాలు మాట్లాడకూడదట, కొడుకు చెప్పాడు.

"పది నిమిషాలే? మన ఇంటావంటా లేదు," అంది ఆవిడ. ఇద్దరూ నవ్వారు. ఆవిడ నవ్వు మధ్యలోనే తెగిపోయింది.

డాక్టరమ్మ గది తలుపు తెరుచుకుంది. నర్సు కొత్త ఫైలొకటి పట్టుకుని వచ్చింది. కొడుకు వీపు తట్టింది తల్లి.

"వెళ్ళు నాన్నా. ఏం భయం లేదు. బయటికొచ్చేదాకా నేనిక్కడే ఉంటాను."

"నేనూ ఇక్కడే ఉంటానమ్మా," అన్నాడు వాడు, కుర్చీలోంచి లేవకుండానే.

నర్సు ఫైలు తిప్పి చూసి, పేరు పిలిచింది.

అది ఆవిడ పేరు.