మూడో మాత్ర

"రెండు చాలట్లేదు డాక్టరుగారూ. మూడోది కూడా రాసెయ్యండి," అన్నాడు భర్త, చెవిలో చిటికెన వేలు పెట్టి తిప్పుకుంటూ.

పక్క కుర్చీలో మూడేళ్ళ పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న భార్య ముక్కు చిట్లించింది. ఆ వేలిని బయటికి తీసి, దాని కొసన ఏముందో చూసుకుని, ప్యాంటుకు తుడుచుకోవడం కూడా ఆమె కంట పడింది. పది రోజులుగా అతను ఏం చేసినా ఆమెకు ఒళ్ళు జలదరిస్తోంది.

డాక్టరమ్మ పాత చీటీ తిరగేసింది. "ఏడాది కింద అర మాత్రతో మొదలుపెట్టాం. కొన్నాళ్ళకి ఒకటైంది, తర్వాత రెండు. ఇలా పెంచుకుంటూ పోతే అంతెక్కడ? అసలు నిద్రే పట్టట్లేదా?"

"పది రోజులుగా కంటి మీద కునుకు లేదండీ."

"అబద్ధం," అంది భార్య.

"నువ్వు కాసేపు ఊరుకుంటావా?"

"ఎందుకు ఊరుకోవాలి? మేడమ్, ఈయనకి మంచం ఎక్కడమే ఆలస్యం. నోరు బార్లా తెరుస్తాడు. ఆ చొంగ తలగడ దాటి నా జడ దాకా వస్తుంది. రంపపు మిల్లు పక్కన ఇల్లు కట్టుకున్నా ఇంతకంటే హాయిగా ఉంటుంది. పది రాత్రులు పక్కన కూర్చుని చూశాను, నాకు తెలీదా?"

"కూర్చుని ఎందుకు చూశారు?"

ఆమె చీర కొంగుతో మెడ తుడుచుకుంది. "భయమేసి. రెండేసి మాత్రలు మింగుతున్నాడు, పొద్దున లేవకపోతే ఈ పిల్ల గతేంటి అనిపించింది. పది రోజుల కింద ఆ డబ్బాలో మాత్రలన్నీ పారబోసి, అచ్చం అలాగే ఉన్న పిల్ల విటమిన్ బిళ్ళలు పోశాను. నిద్ర రాక అల్లాడిపోతాడేమోనని కాపలా కూర్చున్నాను. అల్లాడడమా, పాడా. గుర్రుపెట్టి నిద్రపోయాడు. ఏడాదిగా నిద్ర రాదు, నిద్ర రాదని నాటకమాడిన మనిషి పక్కన పడుకోవాలంటేనే రోత పుడుతోంది."

మళ్ళీ చెవి దాకా వెళ్ళిన భర్త వేలు అక్కడే ఆగిపోయింది.

డాక్టరమ్మ అతని వంక చూడలేదు. పిల్ల నీళ్ళసీసా పట్టుకున్న భార్య చేతిని చూస్తోంది. అందులో నీళ్ళు తొణుకుతున్నాయి.

"మీ చెయ్యి ఎందుకలా వణుకుతోంది?"

"నాకు నిద్ర లేక. గుండె దడ, ఒళ్ళంతా చెమట. నిన్నయితే గోడ మీద మచ్చ కూడా పాకినట్టనిపించింది."

"అంతకుముందు నిద్ర బాగానే పట్టేదా?"

"అదేం పాడు నిద్రో మేడమ్. ఒకప్పుడు గంటకోసారి లేచి దీని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేదాన్ని, ఈయన్నీ లేపి చూడమనేదాన్ని. ఓ ఏడాదిగా మంచమెక్కితే శవమే. పక్కలో పిల్ల గుక్కపట్టి ఏడ్చినా తెలిసేది కాదు. నేను తల్లినా, రాయినా అని నా మీద నాకే అసహ్యం వేసేది."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "ఈ మాత్రల సంగతి చెప్తాను వినండి. కొత్తలో అర వేసుకుంటే చాలు, ఒళ్ళు తెలియదు. రానురాను ఒంటికి అలవాటైపోతుంది. అరతో వచ్చిన నిద్రకి ఒకటి కావాలి, ఒకటితో వచ్చినదానికి రెండు. అలా అలవాటైన ఒంటికి ఉన్నట్టుండి ఆపేస్తే అది ఊరుకోదు. దడ, చెమట, వణుకు, లేనివి కనబడడం. రాత్రంతా రెప్ప పడదు. నెమ్మదిగా తగ్గించుకుంటూ రావాలి తప్ప ఇలా ఆపకూడదు. మీరు ఎన్నాళ్ళుగా వేసుకుంటున్నారు?"

"నేనా? నేను తలనొప్పికి కూడా మాత్ర మింగను మేడమ్."

భర్త మెల్లగా భార్య వైపు తిరిగాడు. అతని మొహంలో సిగ్గు లేదు. మోసపోయినవాడి ఉక్రోషం ఉంది.

"అంటే, ఈ పది రోజులూ నేను రాత్రిపూట నీ పాలగ్లాసులో కలిపింది పిల్ల విటమిన్లా?"