కొండ దిగుతూ తిట్టిన తిట్లు

మేం విహారయాత్రకి వెళ్లిన దీవిలో అగ్నిపర్వతం అంచు నుంచి లావా వెలుగు చూస్తుండగానే గాలి మళ్లింది. గంధకం పొగ కమ్ముకొస్తోందని గైడు అందర్నీ వెంటనే దిగమన్నాడు. మాస్కులు బిగించుకుని, చీకట్లో ఒకే తాడు పట్టుకుని వరసగా దిగుతున్నాం, అందరికన్నా వెనక నేను. మా ఆయన మాత్రం ఇంకొక్క ఫోటో అంటూ అంచు దగ్గరే ఆగిపోయారు. కాసేపటికి నా వెనక తాడు బిగిసింది. బూడిదలో అడుగుల చప్పుడు వినబడింది.

"వచ్చారా దొరగారు? మీ ఫోటోల పిచ్చి తగలెయ్య! మీకేమన్నా అయితే పిల్లలకి నేనేం చెప్పుకోవాలి?" అని మొదలుపెట్టి, పెళ్లయిన నాటి నుంచి ఉన్నవన్నీ దులిపేశాను. నేను ఒకటంటే నాలుగు అనే మనిషి, నోరు మెదపలేదు. దాంతో నాకు ఇంకా ఒళ్లు మండింది.

అంతలో పైన అంచు వైపు నుంచి, దగ్గుతూ మా ఆయన గొంతు వినబడింది. "ఏమోయ్! ఎటు పోయారు మీరంతా? నాకు దారి కనబడట్లేదు!"

నా నోరు పడిపోయింది. వెనక అడుగులు ఆగాయి. తాడు మెల్లగా పైకి గుంజుకుపోసాగింది.

"తిట్టడం ఆపకండమ్మా," అన్నాడు ముందున్న గైడు, తల తిప్పకుండానే. "మీరు తిడుతున్నంతసేపే అది బుద్ధిగా మనతో దిగుతుంది."

"మరి ఆయనో?"

గైడు తాడు పట్టుకుని దిగుతూనే ఉన్నాడు. వాడి మీదా, మా ఆయన మీదా మండిపోతూ, పైదాకా వినబడేలా గొంతు చించుకుని అరిచాను. "ఈ తిట్లు వినబడే వైపుకే దిగి చావండి, బుద్ధిలేని మనిషీ!"

వెనక అడుగులు మళ్లీ కదిలాయి. వాటి వెనక నుంచి ఆయన దగ్గు దగ్గరవుతోంది. మా ఇద్దరికీ మధ్య అది ఉంది.