చక్రాలు తిరగని గంటలు

“ఈ బండి ఏదో ఒకరోజు నడిరోడ్డు మీద భగ్గుమంటుంది. అప్పుడు నేనెవరికి చెప్పుకోను?”

ఆదివారం పొద్దున్నే షెడ్డులో అడుగుపెడుతూనే ఆమె అన్న మాట అది. మెకానిక్ బండి కింద పడుకుని ఉన్నాడు. పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆమె ఆ పాదాలనే అడిగింది.

కొడుకు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఊరూరా తిరిగి దుకాణాల్లో కాటాలు బాగుచేయడం వాడి పని. ఈ పదిహేనేళ్ళ నాటి ఎస్‌యూవీ లేకపోతే వాడికి పని లేదు.

“భగ్గుమనదులే అమ్మగారూ,” కింద నుంచి జవాబొచ్చింది. “వయసు మీద పడింది. దాహం ఎక్కువైంది, అంతే.”

“అంతేనా! లీటరుకి పన్నెండు ఇచ్చేది, ఇప్పుడు తొమ్మిది కూడా రావట్లేదు. పైగా నల్లటి పొగ. ఇంజన్ పోతోందా? దాచకుండా చెప్పు బాబూ. బ్రేకులు కూడా పోతాయా?”

“పొగకీ బ్రేకులకీ ఏంటమ్మా సంబంధం?”

“ఒకటి పోయినప్పుడు రెండోది పోదని రాసిస్తావా?”

మెకానిక్ నవ్వుతూ బయటికి జరిగాడు. అందరూ అతన్ని డాక్టరు అంటారు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుని వింటాడు మరి. చూడాల్సినవన్నీ వరసగా చూశాడు. ఎయిర్ ఫిల్టరు విప్పి దులిపాడు. బండిని జాకీ మీద లేపి నాలుగు చక్రాలూ చేత్తో తిప్పాడు, ఏదీ పట్టెయ్యలేదు. కింద అట్టముక్క పరిచి చూశాడు. చుక్క డీజిల్ కారలేదు. వెనక సీటు తీసేసిన చోట తూనికరాళ్ళు కనిపించాయి.

“ఇనుపకొట్టంతా మోస్తున్నావేంటి బాబూ?”

“అవి మొదట్నుంచీ ఉన్నవే అన్నా,” అన్నాడు కొడుకు.

చివరికి డాక్టరు బండికి ఒక వైరు తగిలించి, ఇంజన్ లెక్కలు చూపించే చిన్న పెట్టెలోకి చూశాడు. తన పాత డైరీ తిరగేశాడు. మళ్ళీ పెట్టెలోకి చూశాడు.

“ఏమైంది?” ఆమె కూడా పెట్టెలోకి తొంగిచూసింది.

“పోయిన నెల ఆయిల్ మార్చినప్పుడు కిలోమీటర్లూ, ఇంజన్ నడిచిన గంటలూ రాసుకున్నాను. అప్పట్నుంచీ బండి తిరిగింది రెండు వేల కిలోమీటర్లు. దానికి డెబ్బై గంటలు చాలు. ఇంజన్ మాత్రం నూట ముప్పై అయిదు గంటలు నడిచింది.”

“అంటే?”

“అంటే బండికి ఏ రోగమూ లేదమ్మా. రోజుకి రెండు గంటల పైనే ఎక్కడో ఆపి, ఇంజన్ ఆన్‌లోనే ఉంచుతున్నాడు మీవాడు. అలా ఊరికే మండితే మసి పట్టదూ?” కొడుకు వైపు తిరిగి కన్నుకొట్టాడు. “ఎవరి వాకిలి ముందు బాబూ?”

కొడుకు తల దించుకున్నాడు.

వాకిలీ పిల్లా అయితే ఆమె ఎగిరి గంతేసేది. అంత అదృష్టం తనకెక్కడిది? వాడు ఇంటికొచ్చేసరికి ఎనిమిదవుతుంది. ‘ఆఁ’, ‘ఊఁ’, ‘చాల్లే’ అనే మూడు మాటలతో అన్నం తినేసి గదిలోకి పోతాడు. ఇంట్లో ఉండేది ఇద్దరే. ఆ రెండో నోరు ఎక్కడ పారేసుకొస్తున్నాడోనని ఆమె రోజూ అనుకుంటూనే ఉంది. తాగుతున్నాడా? పేకాటా? లేక లోపలేదో నొప్పి తినేస్తుంటే తనకి చెప్పకుండా స్టీరింగు మీద తల వాల్చుకుని పడుంటున్నాడా?

ఆమె బండి దగ్గరికి నడిచి, తాళం లాగి చేతిసంచిలో వేసుకుంది.

“ఆ రెండు గంటలూ ఎక్కడుంటున్నావో చెప్పు. చెప్పేదాకా ఈ బండి కదలదు.”

“అమ్మా, రేపు నాలుగు ఊళ్ళు ఒప్పుకున్నాను.”

“నడిచి వెళ్ళు. నీ రాళ్ళు నెత్తిన పెట్టుకుని వెళ్ళు. కళ్ళు తిరుగుతున్నాయా? గుండెల్లో నొప్పా?”

“ఏం లేదమ్మా.”

“ఏం లేకపోతే చెప్పడానికేం?”

“ఇంటికి పద, చెప్తాను.”

“ఇంట్లో నువ్వు చెప్పిందెప్పుడు? ఇక్కడే చెప్పు. డాక్టరు ఉన్నాడు, పడిపోతే పట్టుకుంటాడు.”

డాక్టరు చేతులు గుడ్డకి తుడుచుకుని, “నేను టీ తాగొస్తా,” అంటూ జారుకున్నాడు.

షెడ్డులో ఇద్దరే మిగిలారు. పైన రేకులు వేడెక్కి టిక్కుటిక్కుమంటున్నాయి. ఆమె సంచి రెండు చేతులతో గుండెకి అదుముకుని నిలబడింది. కొడుకు నేల మీది నూనె మరకని చెప్పుతో రాస్తూ ఉండిపోయాడు.

“మధ్యాహ్నం ఫోన్ చేస్తావు కదా, తిన్నావా అని,” అన్నాడు చివరికి, తలెత్తకుండా. “మాట్లాడాక కట్ చెయ్యడం మర్చిపోతావు. అలాగే బల్ల మీద పెట్టేస్తావు. పెట్టేసి, ఇంట్లో తిరుగుతూ నాతో మాట్లాడుతూనే ఉంటావు. కూర బాగుందా అని అడుగుతావు. బాగుందమ్మా అని నా బదులు నువ్వే అంటావు. రోడ్డు మీద ఎండ మండిపోతుంటుంది. ఏసీ వేసుకుని, నువ్వు నిద్రపోయేదాకా అలా పక్కకి ఆపుకుని కూర్చుంటాను.”

సంచిలో తాళం కోసం వెతుకుతున్న ఆమె వేళ్ళకి అది దొరకలేదు.

“పిచ్చినాన్నా,” అంది, “నువ్వే కట్ చేసెయ్యొచ్చుగా?”

వాడు అప్పుడు తలెత్తాడు.

“నువ్వు అడిగినవాటికన్నిటికీ నేను జవాబు చెప్తూ ఉంటానమ్మా... నీకే వినపడదు.”