నాన్న చెప్పిన బ్రిటన్

"అంత చిన్న దీవి ప్రపంచాన్నంతా ఎలా ఏలిందమ్మా?"

ఈషా ఆరో తరగతి. జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో కరోనా వల్ల బడులు మళ్లీ మూతపడ్డాయి. పాఠాలన్నీ లాప్‌టాప్‌లోనే. సోమవారం క్లాసులో గ్రేట్ బ్రిటన్ గురించి మాట్లాడాలి.

"నాన్ననడుగు," అంది తల్లి వైశాలి.

డాక్టరు ఉద్యోగానికి కౌశల్ బర్మింగ్‌హామ్ వెళ్లి రెండేళ్లయింది. క్రిస్మస్‌కి రావాల్సినవాడు. అక్కడ కొత్త రకం వైరస్ పుట్టిందని విమానాలు ఆపేశారు.

"వీడియో కాల్ చేయనా?"

"వార్డులో కుదరదమ్మా. మెసేజ్ పెట్టు."

ఈషా పెట్టింది. వైశాలి బట్టలు ఆరేయడానికి లోపలి గదిలోకి వెళ్లింది. కాసేపటికి జవాబు వచ్చింది.

'ముందు సరుకు కొనడానికి వచ్చారు బంగారూ. మన బందరు రేవులోనే దిగారు, అద్దకం బట్టల కోసం. బేరానికి వచ్చినవాళ్లు ఇంటికే యజమానులయ్యారు.'

'ఇప్పుడేం మిగిలింది?'

'ఓడలు పోయాయి. భాష మిగిలింది. వాళ్ల ఆస్పత్రుల్లో మనవాళ్లు మిగిలారు.'

'మరి యూరప్‌ని వదిలేసి ఎందుకెళ్లిపోయారు?'

ఈసారి చాలాసేపు పట్టింది.

'వెళ్లినవాళ్లకి ఏవో కారణాలుంటాయి. ఉండిపోయినవాళ్లకి అవి ఎప్పటికీ సరిపోవు.'

ఈషా ఆ మాటలు రెండుసార్లు చదువుకుంది. తర్వాత టైప్ చేసింది: 'అన్నం తిన్నావా?'

'తిన్నా.'

వైశాలి కంచం పొద్దుటినుంచీ బల్ల మీదే ఉంది. ఈషా అందులోని అన్నం వేడి చేసింది. అమ్మ గదిలోంచి రాగానే ఎదురుగా పెట్టింది.

"ఆకలిగా లేదే."

"నాలుగు ముద్దలు తినమ్మా."

సోమవారం ఈషా తడుముకోకుండా మాట్లాడింది. బందరు రేవు, అద్దకం బట్టలు, ఆస్పత్రులు, అన్నీ చెప్పింది. వైశాలి గుమ్మంలో నిలబడి వింది. ఆమెకు వచ్చిన జర్మన్ భాష రొట్టెలు కొనుక్కోవడానికే సరిపోతుంది.

"చాలా బాగా చెప్పావు. ఇవన్నీ నీకెవరు చెప్పారు?" అని టీచర్ అడిగింది.

ఈషా ఒకసారి గుమ్మం వైపు చూసింది. గొంతు తగ్గించకుండా జర్మన్‌లోనే జవాబిచ్చింది. అందులో అమ్మ, నాన్న అనే మాటలు తప్ప వైశాలికి ఇంకేమీ అర్థం కాలేదు. కూతురి వైపు చూసి తృప్తిగా తల ఊపింది.

"మా అమ్మే చెప్పింది టీచర్, నాన్న చనిపోయాక ఆస్పత్రివాళ్లు పంపిన ఆయన ఫోన్ చీరల కింద దాచి, నాకు తెలియదనుకుని, అందులోంచి తనే నాకు మెసేజ్‌లు పెడుతోంది."