ఎడమచేతి తుపాకి

ఆబిడ్స్‌లోని తుపాకుల దుకాణంలో ఆయుధపూజ అయింది. మేనత్త ప్రసాదం పెట్టబోతే శ్రీహరి ఎడమచెయ్యి చాచాడు.

"ఏందిరా గీ అపచారం?"

"తాతది ఎడమచేతి వాటం గదత్తా! రెండేండ్ల సంది నేను గూడ గట్లనే అలవాటు చేసుకుంటున్న. జర ఈ ఫొటో చూడు."

ఫొటోలో తాత పులి మీద కాలు పెట్టి నిలబడ్డాడు. చేతిలోని తుపాకికి తూటా ఎక్కించే బోల్టు ఎడమవైపు ఉంది. వెనక ఉర్దూలో రాసిన బోర్డు. అది అడవి బంగళాదని శ్రీహరి నమ్మకం. అతనికి ఉర్దూ రాదు. ఆ దుకాణంలో తుపాకులు చేసే ఇంద్రసేనకూ రాదు.

ఆ ఫొటో ప్రకారమే ఇంద్రసేన శ్రీహరి కోసం ఒక పాత మిలిటరీ రైఫిల్ విప్పాడు. బోల్టును నానా తంటాలు పడి కుడి నుంచి ఎడమకు మార్చాడు. భుజానికి ఆనించే మడమను అక్రోట్ చెక్కతో కొత్తగా చెక్కి, అచ్చం తాత కాలపు వేట తుపాకి తయారుచేశాడు. ఇవాళ పూజలో పెద్ద బొట్టు దానికే.

ఉర్దూ మీడియంలో చదివిన మేనత్త కళ్లద్దాలు సవరించుకుంది.

"మా నాయన కుడిచేత్తోనే నా చెవి మెలిపెట్టేటోడు. అచ్చరాలు ఉల్టా ఉన్నయి చూడు. ఫొటోనే ఉల్టా కడిగిన్రు!"

ఇంద్రసేన తుపాకి వంక, శ్రీహరి తన ఎడమచేతి వంక చూసుకున్నారు.

"పోనీ అత్తా, పులినైతే కొట్టిండు గద?"

మేనత్త ఫొటోను గోడ అద్దం ముందు పట్టి, బోర్డును కూడబలుక్కుని చదివి, తెలుగులో చెప్పింది.

"నాంపల్లి స్టేషన్ ఎదురుగా. పులి, తుపాకి కిరాయికి ఇయ్యబడును."