తలంటు పూట

ఆదివారం వచ్చిందంటే ఇందుమతికి కూతురితో యుద్ధమే. తలంటు పోయాలంటే ముందు మేధ కళ్ళలోంచి తెరలు, అంటే ఫోనులా బొమ్మలు చూపించే పల్చటి కటకాలు, తీయించాలి. కుంకుడు రసం తగిలితే అవి పాడైపోతాయి. పదిహేనేళ్ళ పిల్లకి స్నేహితులంతా ఆ తెరల్లోనే. తీసి గిన్నెలో వేసిన క్షణం నుంచీ ముళ్ళ మీద కూర్చున్నట్టు పీట మీద అటూ ఇటూ కదులుతూనే ఉంటుంది.

“అయిపోయిందా అమ్మా? ఇంక పెట్టుకోవచ్చా?”

“కుదురుగా కూర్చోవే! కాసేపు చూడకపోతే లోకమేం మునిగిపోదు,” అని కసురుతూ ఇందుమతి చెంబెత్తి రసం పోసింది.

మేధ కెవ్వుమంది. “మంట! కళ్ళు మూసుకోమని చెప్పలేదేంటి?”

“చెప్పానుగా!”

“ప్రతివారం చెప్తావు. ఇవాళ చెప్పలేదు.” మేధ కళ్ళు నులుముకుంటూ తల్లి ముఖంలోకి చూసింది. ఆమె కళ్ళలోని తెరల మీద ఎవరిదో పెళ్ళి ఊరేగింపు మినుకుమినుకుమంటోంది. “నీవీ తియ్యమ్మా.”

ఇందుమతికి తల కొట్టేసినట్టయింది. తన తెరలూ తీసి అదే గిన్నెలో వేసింది. ఒక్కసారిగా చుట్టూ అంతా బోసిపోయింది. కూతురి జుట్టు నాలుగుసార్లు రుద్దిందో లేదో, చూపు గిన్నె మీదికి పోయింది.

“ఇంక పెట్టుకోవచ్చంటావా?”

“కుదురుగా రుద్దమ్మా,” అంది మేధ, కళ్ళు గట్టిగా మూసుకుని.