వాసు గిటార్లు

మునిప్రసాద్ చెప్పులైనా విడవకుండా స్టూడియోలోకి అడుగు పెట్టాడు. గుణశేఖర్‌కు ఒళ్ళు మండిపోయింది.

ఆ గదిలోకి చెప్పులతో ఎవరూ వచ్చేవారు కాదు. వాసుదేవ్ రానిచ్చేవాడు కాదు. తిరుపతిలో తన ఇంటి మేడ మీద వాసు ఎంతో ఇష్టంగా కట్టుకున్న స్టూడియో అది. గోడలకు ఆ నల్లటి స్పాంజి పలకలు తనే అంటించాడు. ఏ వైరు ఎక్కడ పోతుందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. పగలంతా ఆఫీసు ఫైళ్ళు. సాయంత్రమైతే గిటారు.

ఆదివారాలు నలుగురూ అక్కడే చేరేవారు. వాసు లీడ్ గిటారు, గుణశేఖర్ బేస్, మునిప్రసాద్ డ్రమ్స్. గిరిప్రసాద్ పాడేవాడు. కచేరీలు లేవు, పేరూ లేదు. ఊరికే పిచ్చి. ఒక పాట రికార్డు చేసుకుని, హెడ్‌ఫోన్స్ ఒకరి చెవుల మీంచి ఒకరు లాక్కుని వినేవారు.

ఈ ఆదివారం ముగ్గురే వచ్చారు.

వాసు భార్య రంగప్రియ గేటు దగ్గరికే ఎదురొచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. "ముందు ఇంట్లోకి రండన్నా, కాఫీ తాగుదురు" అంది.

"కాఫీ వద్దులేమ్మా. పైన గది ఒకసారి సూసి పోతాం" అంటూ మునిప్రసాద్ బయటి మెట్లెక్కేశాడు. వెనకే గిరిప్రసాద్. ఇంట్లోకి వెళ్తే ఏం మాట్లాడాలో గుణశేఖర్‌కు తోచలేదు. అతనూ మెట్లే ఎక్కాడు. రంగప్రియ తాళంచెవి తీసుకుని వాళ్ళ వెనకాలే వచ్చింది.

తలుపు తీయడమే ఆలస్యం, గిరిప్రసాద్ ఎర్ర గిటారును స్టాండు మీంచి లాగి ఒళ్ళో పెట్టుకున్నాడు. దారిలో తిన్న బజ్జీల నూనె ఇంకా వేళ్ళకే ఉంది. ఆ వేళ్ళతోనే దాన్ని పైనుంచి కిందికి నిమిరాడు.

"ఏం నున్నగా ఉండాదప్పా! నా కోసరమే చేసినట్టుండాది."

మునిప్రసాద్ నేల మీద చతికిలబడి, గిటారు సౌండు మార్చే పెడల్స్ ఒక్కొక్కటే తిరగేస్తున్నాడు, సంతలో ఎద్దు పళ్ళు చూసే బేరగాడిలా. తొక్కి చూశాడు. ఊది చూశాడు. నచ్చినవి పక్కకు జరుపుకున్నాడు.

"వాసు గుర్తుగా నాకు ఇవి చాలబ్బా" అంటూ వాటిని సంచిలో వేసుకున్నాడు.

గుర్తుగా! ఆ మాట ఆ నోట్లోంచి వస్తుంటే గుణశేఖర్‌కు ఎక్కడో ఏదో కుళ్ళిన కంపు కొట్టినట్టయింది.

రంగప్రియ గుమ్మంలోనే నిలబడింది. "ఆ కంప్యూటరు మాత్రం ముట్టుకోవద్దండన్నా. ఆసుపత్రికి పొయ్యే ముందు ఆయన వాయించింది దాంట్లోనే ఉండాది. ఇంకా పూర్తి కాలేదు."

"పూర్తి కాంది ఎవురింటారు తల్లీ?" మునిప్రసాద్ నవ్వాడు. "మైకు, ఈ రికార్డింగు పెట్టె, కంప్యూటరు అన్నీ నేను తీస్కపోతా. ఈడుంటే బూజు పడతాది. ఇంక ఈ ఇంట్లో వీటితో ఎవురికేం పని?"



ఈలోపు గిరిప్రసాద్ గిటారును ఆంప్‌కు తగిలించి, సౌండు మొత్తం పెంచేశాడు. వాసు ఎప్పుడూ వాయించే వరసనే ఎత్తుకుని, అడుగడుక్కీ తప్పుతూ గీకాడు. కిటికీ అద్దాలు అదిరాయి. కాళ్ళ కింద నేల అదిరింది.

"అన్నా, కొంచెం మెల్లిగా... కింద వినపడతాది" అంది రంగప్రియ. చేతులు జోడించింది.

"పడనీలేమ్మా! ఏం సౌండురా నాయనా!" గిరిప్రసాద్ పెదవులు నాక్కున్నాడు.

గుణశేఖర్ ఇక ఓర్చుకోలేకపోయాడు. విసురుగా వెళ్ళి ఆంప్ వైరు పీకేశాడు.

"సిగ్గనేది ఉండాదంట్రా మీకు? ఆయమ్మ మొగం సూసి ఒక మంచి మాట సెప్పేదానికి మీకు నోరు రాలేదు. సామాన్లు ఏరుకునేదానికి మాత్రం సేతులొచ్చినాయే!"

"అరిసేదెందుకప్పా? నీకు గూడా ఏమన్నా కావాల్నంటే తీసుకో" అన్నాడు మునిప్రసాద్ తాపీగా.

గుణశేఖర్ మునిప్రసాద్ సంచి లాక్కుని పెడల్స్ అన్నీ బల్ల మీదికి గుమ్మరించాడు. గిరిప్రసాద్ చేతుల్లోంచి గిటారు గుంజుకుని, నూనె మరకలు చొక్కా అంచుతో తుడిచి స్టాండు మీద నిలబెట్టాడు.

ఇద్దరూ గొణుక్కుంటూ మెట్లు దిగారు. గిరిప్రసాద్ పోతూ పోతూ పూలకుండీలో ఉమ్మేశాడు. మునిప్రసాద్ అటూ ఇటూ చూడకుండా బండి స్టార్టు చేశాడు.

రంగప్రియ గదికి తాళం వేసి కళ్ళు తుడుచుకుంది.

"మీరన్నా ఉండారన్నా. ఒక్కసారి లోపలికి..."

"మళ్ళీ వస్తాలేమ్మా. నువ్వు ధైర్యంగా ఉండు" అన్నాడు గుణశేఖర్, ఆమె మొహం వైపు చూడకుండానే.

మెట్లు దిగుతుంటే వాళ్ళిద్దరి మీదా ఇంకా అసహ్యంగానే ఉంది. ఇన్నేళ్ళు అలాంటివాళ్ళ పక్కన కూర్చుని ఎలా వాయించాడు తను? వాసు గదిలోంచి తను మాత్రం ఒక వైరు ముక్క కూడా ఆశించలేదు. ఆ తలపు ఒక్కటే కాస్త ఊరటగా ఉంది.

గేటు గడియ మీద చెయ్యి వేయబోతుండగా, కింది గది కిటికీలోంచి, మంచం మీద నుంచి లేవలేని వాసుదేవ్ గొంతు మెల్లిగా వినిపించింది: "గుణా, నువ్వు గూడా నన్ను సూడకుండానే పోతా ఉండావా అప్పా?"